బళ్లో లేని పంపు

జానీబీని కాపాడబోయి కాత్యాయని టీచరు చెయ్యి విరగ్గొట్టుకున్న ఆ చేతిపంపు, నిజానికి ఆ బళ్లో ఏనాడూ లేదు.

ఈ సంగతి చెప్పింది సాక్షాత్తూ జానీబీయే. గండికోట దారిలో ఆ చిన్న ఊరి బడికి ఎదురుగా ఆమెది గాజుల అంగడి. కాత్యాయని సంస్మరణ సభకు పిలవడానికి జమ్మలమడుగులో బస్సు మారి అంత దూరం వెతుక్కుంటూ వచ్చిన ఆమె కోడలు వేదశ్రీ ముందు గ్లాసుడు నీళ్లు పెట్టి, పకపకా నవ్వింది.

"నన్ను కాపాడిందా? పంపు హ్యాండిలు చేతి మీద పడిందా? ఎవురు చెప్పినారు మ్మా నీకు? పంపే ఉంటే మేమంతా పెన్నలోకి పోయి, ఇసకలో చెలమలు తవ్వి, బిందెలు మోసుకొచ్చేది ఎందుకు?"

"మరి చెయ్యి?"

జానీబీ నవ్వడం మానేసింది. "ఆ పొద్దు బస్సు దిగేటప్పటికే చేతికి కట్టు ఉన్నింది. మేమంతా పరిగెత్తుకొని పోయి, ఏమైంది టీచర్ అంటే, 'ఏం కాలేదు, పలకలు తీయండి' అనింది. నేను ఒకటో తరగతి. మాతోపాటు తనూ కూర్చొని ఎడంచేత్తో అ ఆలు దిద్దుకునింది. మా అక్షరాలకంటే ఆయమ్మవే వంకర. మేం నవ్వితే తనూ నవ్వేది. 'ఎవురు ముందు నేర్చుకుంటారో చూద్దాం' అని పందెం. నేనే గెలిచినా." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సాయంత్రం సభకు వస్తా మ్మా. ఆయమ్మ గురించి నాలుగు మాటలు చెప్పాల నేను."

ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న వేదశ్రీకి దారి కనిపించలేదు. ఆ పంపు కథ ఆమె పెళ్లిచూపుల్లోనే విన్నది. మామగారు బాలసుబ్బయ్య ఎవరొచ్చినా చెప్పేవాడు. బట్టలకొట్టుకు వచ్చిన వాళ్లకు చీరలు విప్పి చూపిస్తూ కూడా చెప్పేవాడు. "మా యింటామె పిల్లను కాపాడబోయి చెయ్యి పోగొట్టుకునింది, అట్లాంటి మనిషి" అని. విన్నవాళ్లు ఆయన వైపే గౌరవంగా చూసేవారు. అత్తగారు మాత్రం కథ మొదలు కాగానే, పాలు పొంగుతాయంటూ లోపలికి లేచి పోయేది. పొయ్యి మీద పాలు ఉండేవి కావు. తన గొప్ప తను వినలేని వినయమనుకుంది వేదశ్రీ. ఒంటిచేత్తో పిండి కలిపి, ఒంటిచేత్తో చీర కుచ్చిళ్లు పోసుకుని, తెల్లారకముందే వంట ముగించి బస్సుకు పరిగెత్తిన మనిషి ఆమె. ఆదివారాలు కూడా పాత విద్యార్థులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చి, "మా ఎడంచేతి టీచరు" అని చూపించేవారు. అప్పుడు మాత్రం ఆ ముఖం వెలిగిపోయేది. ఆ ఇంట్లో ఆమె ముఖం వెలగడం మరెప్పుడూ చూడలేదు.

ఇదే కథ ఇప్పుడు వేదశ్రీ మెడకు చుట్టుకుంది. డీఎస్సీలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. పులివెందుల దాటాక ఒక పల్లె బడి. చేరడానికి రేపే ఆఖరు రోజు. భర్త శరత్ చంద్ర వద్దని ఒక్కసారి కూడా అనలేదు. "అమ్మ చెయ్యి చూసినావు గదా వేదా, బడి ఏం చేసిందో" అన్నాడు, అంతే. మామగారు ఇంకొంచెం మెత్తగా చెప్పాడు. "నీ చేతులన్నా బాగుండనీ తల్లీ." ఇద్దరిదీ ప్రేమే అనుకుని నెలంతా తనలో తనే తన్నుకులాడింది. స్వార్థపరురాలినా అని అద్దంలో చూసి తనను తానే ప్రశ్నించుకుంది. లేని పంపును చూపించి భయపెడుతున్నారని ఇప్పుడు తెలిసింది.

ఎందుకు? ఆ చెయ్యి విరగ్గొట్టింది ఎవరు?

బస్సు ప్రొద్దుటూరు చేరేసరికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. కింద బట్టలకొట్టు, పైన ఇల్లు. రోజూ కొట్టు మూసేటప్పుడు షట్టరు దబ్బున దిగేది. ఆ చప్పుడైన ప్రతిసారీ, మాట మధ్యలో ఉన్నా, ముద్ద నోటి దగ్గర ఉన్నా, అత్తగారి ఎడంచెయ్యి వచ్చి కుడి మణికట్టును పట్టుకునేది. పెద్ద చప్పుళ్లకు ఉలికిపాటనుకుంది తను. దీపావళి టపాకాయలకు మాత్రం ఆమె ఏనాడూ ఉలిక్కిపడలేదు.

ఇంటికొచ్చేసరికి మామగారు తెల్ల చొక్కా తొడుక్కుని, అద్దం ముందు భుజం మీద కండువా సర్దుకుంటున్నాడు. సభలో ఆయనకే సన్మానం. శరత్ ఫ్లెక్సీ వాళ్లతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"వచ్చినావా మ్మా? రొంత కాఫీ పెట్టు. జానీబీ దొరికిందా?"

వేదశ్రీ వంటింట్లోకి వెళ్లలేదు. చెప్పులు కూడా విడవలేదు. "దొరికింది మామా. వస్తాంది."

"శానా సంతోషం. పంపు సంగతి ఆ పిల్ల నోటితోనే చెప్పిస్తే సభ అదిరిపోతాది. దానికి గుర్తుల్యాకున్నా ఏం చెప్పాల్నో నేను చెప్తాలే."

"చెప్తుంది. ఆ బళ్లో పంపే లేదని చెప్తుంది."

కండువా మీద ఆయన వేళ్లు ఆగిపోయాయి. శరత్ ఫోను పెట్టేశాడు.

"అప్పుడది చిన్నపిల్ల, దానికేం గుర్తుంటాది?" అన్నాడు బాలసుబ్బయ్య. "గాజులమ్ముకునేదాని మాట పట్టుకొని యింట్లో రచ్చ చేస్తాండావా?"

"బస్సు దిగేటప్పటికే చేతికి కట్టుందంట. అంటే చెయ్యి విరిగింది బళ్లో కాదు. ఈడ."

"వేదా," శరత్ గొంతు తగ్గించాడు. "ఈ పొద్దు ఎందుకివన్నీ? అమ్మ పోయింది. ఊరంతా వస్తాంది. నాన్న పరువు..."

"నేను మీ అమ్మ చెయ్యి గురించి అడుగుతున్నా. మీరు మీ నాన్న పరువు గురించి చెప్తున్నారు." ఆమె భర్త కళ్లలోకి చూసింది. "మీకు తెలుసా?"

అతను తల దించుకున్నాడు. "చిన్నప్పుడు... అమ్మ అరిచింది. అంతే గుర్తు. తర్వాత నాన్న పంపు అన్నాడు. పంపే అనుకున్యా." తల ఎత్తకుండానే, "అనుకోవాలనుకున్యా," అన్నాడు.

వేదశ్రీ మామగారికి ఎదురుగా వెళ్లి నిలబడింది. పెళ్లయిన ఆరేళ్లలో ఆయన ముందు ఇంత దగ్గరగా, తల ఎత్తి నిలబడటం ఇదే.

"షట్టరు పడినప్పుడల్లా అత్తమ్మ మణికట్టు ఎందుకు పట్టుకునేది మామా?"

ఆయన అద్దం వైపు తిరిగాడు.

"మీరే చెప్తారా? స్టేజీ మీద మైకు పట్టుకొని నేను అడగాల్నా? ఆమె చెయ్యి పేరు చెప్పి మీకు శాలువా కప్పనిచ్చేది లేదు. ఇంకో మాట. నేను రేపు పులివెందుల బస్సెక్కుతున్నా. మీ అనుమతి కోసం కాదు, తెలియాలని చెప్తున్నా."

బాలసుబ్బయ్య కుర్చీలో కూలబడ్డాడు. కండువా జారి నేల మీద పడింది. దాన్ని ఎవరూ తీయలేదు. ఆయన నోరు విప్పాడు. ఏడవలేదు. ఎవరిదో సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"బజార్లో అందరూ నన్ను టీచరమ్మ మొగుడు అంటాండ్రి మ్మా. బాలసుబ్బయ్య అనే పేరే ల్యాకపాయె నాకు. బడి మానుకోమంటి. వినకపాయె. ఆ పొద్దు దాని బడి సంచి అంగట్లో పెట్టి షట్టరు దించినా, యాడికి పోతావో చూస్తా అని. అది వంగి, కింద చెయ్యి పెట్టి లేపబాయె. మూరెడు లేసింది. నేను ఆ షట్టరును కాలెత్తి దాని చెయ్యి మీదికి తొక్కినా. తెలీక కాదు, చూసే తొక్కినా. కుడిచెయ్యి పోతే యింక ఏం రాస్తాది, యింట్లోనే పడుంటాది అనుకున్యా. కట్టు కట్టించుకొని మర్నాడే బస్సెక్కె. కొన్నాళ్లకు బజార్లో ఎవురో చెప్పినారు, టీచరమ్మ ఎడంచేత్తో రాస్తాందంట అని. తెల్లారి మళ్లీ దాని సంచి అంగట్లో పెట్టి, షట్టరు సగం దించి నిలబడినా. ఆ రెండో చేతి కోసం. బస్సు రొంత ముందు వచ్చినాది, సంచి గూడా తీసుకోకుండా ఎక్కిపాయె. అంతే మ్మా. బస్సు ముందు వచ్చినాది."