శివాజీ పేరు కొట్టిన బిట్టు

శివాజీ గుమ్మంలో నిలబడి "వదినా" అని పిలిచాడు. కనకదుర్గ లేత్ మిషను ఆపలేదు. తిరుగుతున్న ఉక్కు కడ్డీ మీంచి రజను చుట్టలు చుట్టలుగా ఆమె కాళ్ళ దగ్గర పడుతూనే ఉంది. ఆ గొంతు ఆ షెడ్డులో వినపడడం అదే మొదటిసారి. మూల స్టూలు మీద కూర్చున్న ఆమె భర్త సత్తిబాబు మాత్రం చూశాడు. ఎడమకన్ను లేని మనిషి కాబట్టి మెడ పూర్తిగా తిప్పి చూడాల్సి వచ్చింది.

శివాజీ అటు చూడకుండా గోడకేసి మాట్లాడాడు.

"ఒక్క బిట్టు సేసి పెట్టాల వదినా. మా షెడ్డులో అవట్లేదు."

"ఏ రాయికి?"

"సీడికాడ కొండవార రాయికి."

అప్పుడు కనకదుర్గ మిషను ఆపింది.

ఆ రాయి సంగతి ఆమెకు బాగా తెలుసు. పైన ఎర్రమట్టి, కింద గుల్లరాయి, ఆ కింద ఏటవాలుగా పరుచుకున్న నల్లరాయి. బోరు వేసే బిట్టు ఆ వాలు మీద పడగానే పక్కకి జారుతుంది. అంచు బటన్లు ముందు అరుగుతాయి, లేదా ఊడిపోతాయి. బటన్లంటే బిట్టు మొహం మీద దిగేసి ఉండే గుండ్రటి కార్బైడు ముక్కలు. రాయిని పొడిచి నలగ్గొట్టేది అవే. మిగతా ఉక్కంతా వాటిని గట్టిగా పట్టుకుని ఉండడానికే. అనకాపల్లిలో మెకానికల్ డిప్లొమా చేసిన కనకదుర్గ ఆ వాలురాయి కోసమే ఒకప్పుడు కొత్తరకం బిట్టు గీసింది. మొహం మధ్యలో కొంచెం పల్లం, అంచు బటన్లు బయటికి వాలి ఉంటాయి, రాతిపొడి ఎప్పటికప్పుడు పైకి ఎగిరిపోయేలా గాలి దారులు వెడల్పు చేసి ఉంటాయి.

అప్పట్లో ముగ్గురూ ఒకటే. షెడ్డు శివాజీది, గీత కనకదుర్గది, బోరు వేసే రిగ్గు మీద నిలబడి ప్రతి బిట్టునీ రాతి మీద పరీక్షించేది సత్తిబాబు. "అన్నా, అన్నా" అంటూ సత్తిబాబు ఇంట్లోనే తిని తిరిగిన మనిషి శివాజీ. ఒక వేసవిలో బోర్లకి గిరాకీ విపరీతంగా పెరిగింది. సరిగ్గా అప్పుడే తల్లికి జబ్బు చేసి కనకదుర్గ రావికమతం వెళ్ళింది. శివాజీ తొందరపడ్డాడు. ఫర్నేసులో కాల్చి గట్టిపరిచిన ఉక్కుని మళ్ళీ సన్నగా వేడి చేసి పెళుసు తియ్యాలి. అది మానేశాడు. కన్నం వదులైన చోట బటన్‌కి ఇత్తడి రేకు చుట్టి దిగ్గొట్టాడు. సత్తిబాబు ఆ బిట్టుని నమ్మి రిగ్గుకి తగిలించాడు. బోరు ఇంకా మొదట్లో ఉండగానే బటన్ పగిలి, ముక్క ఎగిరొచ్చి కంట్లో దిగింది.

శివాజీ ఆస్పత్రికి బత్తాయిలు పట్టుకొచ్చాడు. మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు కూడా. బయటికి వెళ్ళి మాత్రం, "అన్న తాగి రిగ్గెక్కేడు, నాను వద్దన్నా ఇన్లేదు" అని వాళ్ళ ఊరు చోడవరమంతా చెప్పాడు. సత్తిబాబు పుట్టి బుద్ధెరిగి కల్లు కూడా ముట్టలేదు. అయినా ఒంటికన్ను మనిషి, పైగా తాగుబోతు అని పేరు పడ్డవాడు, రిగ్గు దగ్గరికి ఎవరు రానిస్తారు? కన్ను పోయినందుకు సత్తిబాబు ఒకసారే ఏడ్చాడు. ఆ మాటకి మాత్రం రోజూ కుమిలాడు.

కనకదుర్గ ఏడవలేదు. వడ్డాది రోడ్డులో ఈ రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని, పాత లేత్ ఒకటి పెట్టుకుని, అరిగిన బిట్లకి బటన్లు మార్చే పని మొదలుపెట్టింది. ప్రెస్సు కింద బటన్ దిగుతున్న ప్రతిసారీ ఆమె కళ్ళముందు శివాజీ నోరు కనపడేది. ఆ నోట్లోంచే ఆ మాట వచ్చింది. ఆ నోటితోనే దాన్ని వెనక్కి మింగించాలి. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

"మా పేరే కొట్టాల మరి," శివాజీ నసిగాడు. "గణపతిరావుగారు కొండవార ఊళ్ళకి మంచినీళ్ళ బోర్ల కాంట్రాక్టు పట్టేరు. ఎవుడి బిట్టు బాగా దిగితే ఆడికే మొత్తం సప్లై."

"అలాగే. సేస్తాను."

ఎన్ని బతిమాలే మాటలు కూడగట్టుకుని వచ్చాడో, అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. మనసు మార్చుకుంటుందేమోనని శివాజీ వెంటనే బండెక్కి వెళ్ళిపోయాడు.

"నీకేటయింది దుర్గా?" అన్నాడు సత్తిబాబు. "ఆడికి సేస్తావా?"

"సేస్తాను. అలాటి బిట్టు ఆడి జన్మలో సూసుండడు. అది సూపించి ఆడు సంతకం ఎట్టాల. అన్నీ ఇలాగే ఇస్తానని పదిమందిలో ఒప్పుకోవాల. ఆ తరవాత రెండోది నాను సెయ్యను."

"పైన సూసి సేసేసుకుంటాడు."

"పైన కనపడేదే సేసుకుంటాడు."

ఆ బిట్టు మీద ఆమె పెట్టిన శ్రద్ధ మరే పని మీదా పెట్టలేదు. ఉక్కుని ఫర్నేసులో పెట్టిన రోజు భోజనానికి కూడా కదల్లేదు. గట్టిపడ్డాక కన్నాలు కాస్త మెలిపడతాయి కాబట్టి ఒక్కొక్క కన్నాన్నీ మళ్ళీ సాపు చేసి, కొలిచి, దానికి సరిపోయే బటన్‌ని విడిగా అరగదీసింది. కన్నం కంటే బటన్ వెంట్రుకవాసి లావుండాలి. ఎక్కువైతే ఉక్కు బీటలిస్తుంది, తక్కువైతే రాతి దెబ్బకి బటన్ ఊడుతుంది. ఈ కన్నానికి ఈ బటనే, పక్కదానిది దీనికి పనికిరాదు. చివర్న శివాజీ పేరున్న అచ్చులు వరసగా పెట్టి, సుత్తి తీసుకుని తనే కొట్టింది. ఆ పేరు మీద దెబ్బ వెయ్యడం ఆమెకి హాయిగా ఉంది.

చీడికాడలో పరీక్ష జరిగిన రోజు కనకదుర్గ జనం వెనక నిలబడి చూసింది. సత్తిబాబు రానన్నాడు. మిగతావాళ్ళ బిట్లు గుల్లరాయి దాటి నల్లరాయి తగలగానే మూలిగాయి. శివాజీ పేరున్న బిట్టు మాత్రం ఎక్కడా గొంతు మార్చలేదు. బూడిదరంగు రాతిపొడి ధారగా పైకి చిమ్ముతూనే ఉంది. పైకి తీశాక గణపతిరావు దాని మొహం తుడిచి, బొటనవేలితో బటన్లన్నీ నొక్కి చూశాడు.

"ఒక్కటీ కదల్లేదు. అన్నీ ఇలాగే ఇస్తావా శివాజీ?"

"మా ఇంటి సరుకు సార్. ఎన్ని కావాలంటే అన్ని, అచ్చం ఇలాగే."

కనకదుర్గ ఆ మాటని చెవుల నిండా విని ఇంటికొచ్చింది.

శివాజీ స్వీటు పేకెట్టుతో వచ్చాడు. పేకెట్టు బల్ల మీద పెట్టనివ్వకుండానే కనకదుర్గ చెప్పేసింది.

"సెయ్యను."

"అదేటి వదినా? సంతకం ఎట్టేసేను."

"తెలుసు. నువ్వెట్టావనే సెయ్యను."

 శివాజీకి సంగతి అర్థమై మొహం నల్లబడింది. "నీ గొప్పేటి? నా దగ్గర నమూనా ఉంది," అని పేకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

నమూనా చూసి చేశాడు కూడా. పల్లం అదే, వాలు అదే, గాలి దారులు అవే. లోపలి పని పైకి కనపడదు. నెల తిరక్కుండా శివాజీ పేరున్న విరిగిన బిట్లు కనకదుర్గ షెడ్డుకే బాగుచెయ్యమని రావడం మొదలైంది. ఆమె ఒక్కటీ ముట్టుకోలేదు. పళ్ళూడిన నోళ్ళలా ఉన్న ఆ బిట్లని గోడవార వరసగా పేర్పించి, టీ తాగుతూ వాటినే చూస్తూ కూర్చునేది. చాన్నాళ్ళకి ఆమెకి ఆకలి వేస్తోంది, నిద్ర పడుతోంది.

ఒక మధ్యాహ్నం సత్యారావు అనే డ్రిల్లరు అలాంటి బిట్టే పట్టుకుని వచ్చాడు. చెంప మీద కుట్లు వేసి ఉన్నాయి.

"బటన్ ఎగిరొచ్చి కోసేసిందక్కా," అన్నాడు. "ఇంకొంచెం పైకి తగిలుంటే కన్నే పోయేది."

సత్తిబాబు చేతిలో పని కింద పెట్టి లేచాడు. సత్యారావుని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. అతన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు.

"ఇలాగవుద్దని నీకు తెలుసు," అన్నాడు తర్వాత.

"బిట్టు సేసింది ఆడు."

"తెలిసి ఊరుకున్నది నువ్వు."

"నీ కన్ను పోయినప్పుడు ఎవుడు అడ్డొచ్చేడు? ఎవుడొచ్చి నీ గురించి మంచి సెప్పేడు?" అంది కనకదుర్గ. "ఈ డ్రిల్లర్లే కదా నిన్ను తాగుబోతన్నది!"

"ఎవుడూ రాలేదు. అందుకే నానెల్తన్నాను."

చొక్కా వేసుకుని బయటికెళ్ళి చీడికాడ షేరాటో ఎక్కాడు.

మర్నాడు వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు. రిగ్గు ఎక్కడ కనపడితే అక్కడ దిగాడు. బిట్టుని తగిలించే ముందు చిన్న సుత్తితో ఒక్కో బటన్‌నీ తట్టి చూడమని, టంగుమని మోగకపోతే పక్కన పడెయ్యమని చెప్పాడు. ఒకచోట ఎవరో నవ్వి, "నువ్వు తాగి కన్ను పోగొట్టుకున్నావంట గదా, నువ్వు సెప్పేదేటి?" అన్నాడట. సత్తిబాబు సుత్తి అతని చేతికిచ్చాడట. అతను తట్టాడు. మొద్దుగా మోగిన బటన్‌ని పెకలిస్తే కన్నంలోంచి ఇత్తడి రేకు ముక్క తళతళలాడుతూ ఊడిపడింది. ఇదంతా సత్యారావు వచ్చి చెప్పాడు.

కనకదుర్గ అన్నాళ్ళూ భర్తతో ముభావంగానే ఉంది. తన శత్రువు చేసిన తప్పుని తన మొగుడే ఊరూరా తిరిగి సర్దుతున్నాడని ఆమె కోపం. కానీ ఆ రేకు ముక్క సంగతి విన్నాక, డ్రిల్లర్లంతా శివాజీ బిట్లు వద్దని తిరగ్గొట్టారని తెలిశాక, రాత్రి అతనొచ్చేదాకా అన్నం తినకుండా కూర్చుంది. 

బోర్లు ఆగిపోయాయి. నమూనాలాంటి బిట్లు తెస్తావా, మోసం చేశావని కేసు పెట్టమంటావా అని గణపతిరావు అడిగాడు. శివాజీ మళ్ళీ వచ్చాడు. ఈసారి బయటే చెప్పులు విడిచి లోపలికొచ్చి, రజను పడి ఉన్న నేల మీదే కూలబడ్డాడు.

"సంపేయకు వదినా."

"ఆ రోజు ఏటి జరిగిందో గణపతిరావుగారి యార్డులో, డ్రిల్లర్లందరి ముందు సెప్పు. బిట్ల సంగతి తరవాత సూద్దాం."

"నలుగురిలో తలెత్తుకోలేను."

"ఈయన ఎత్తుకున్నాడా?"

యార్డులో రిగ్గు బళ్ళ మధ్య అందరూ నిలబడ్డారు. శివాజీ నేలకేసి చూస్తూ ఏదో గొణిగాడు.

"గట్టిగా," అంది కనకదుర్గ.

"అన్న తాగలేదు," అన్నాడు శివాజీ. "ఆ బిట్టు నాను సేసేను. పెళుసు తియ్యలేదు. బటన్‌కి రేకు సుట్టేను. తాగేడని నానే అబద్ధం సెప్పేను."

 తనని రిగ్గు దగ్గరికి రావద్దన్న మనుషులు ఒక్కొక్కళ్ళే తల దించుకుంటుంటే సత్తిబాబు వాళ్ళకంటే ఎక్కువ సిగ్గుపడుతూ నిలబడ్డాడు. కనకదుర్గ సిగ్గుపడలేదు. వాళ్ళ మొహాలన్నీ వరసగా, ఒక్కటీ వదలకుండా చూసింది.

"సెప్పేను గదా వదినా," శివాజీ దగ్గరికొచ్చాడు. "ఇప్పుడు సెయ్యి."

"సేస్తాను. గణపతిరావుగారూ, మీకు బిట్లు నానిస్తాను, నా పేరు మీద. ఈడి సేతి మీదగా ఒక్కటి కూడా రాదు."

శివాజీ గణపతిరావు వైపు చూశాడు. గణపతిరావు తలాడించాడు, శివాజీకి కాదు.

శివాజీ షెడ్డు మూతపడింది. మిషన్లు ఎవరో పట్టుకుపోయారు. శివాజీ అనకాపల్లిలో పైపుల కొట్లో చేరాడని తెలిసింది. వినగానే కనకదుర్గకి జాలి కలిగిందేమోనని సత్తిబాబు ఆమె మొహంలో వెతికాడు. కలగలేదు. "కొట్టు పెద్దదేనా?" అని అడిగింది. చిన్నదేనని తెలుసుకుని సంతోషించింది.

గణపతిరావు సత్తిబాబుని మళ్ళీ రిగ్గు మీదికి రమ్మన్నాడు. మొదటిరోజు కనకదుర్గ తను చేసిన బిట్టుని తనే గోనెసంచిలో చుట్టి పట్టుకెళ్ళింది. సత్తిబాబు దాన్ని తీసుకుని వెంటనే తగిలించలేదు. బండ మీద పెట్టి, వొంగి, చెవి దగ్గరగా చేర్చి, సుత్తితో ఒక్కో బటన్‌నీ తట్టడం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు.

కనకదుర్గకి ఒళ్ళు మండింది. "నా బిట్టునే అనుమానిస్తన్నావా?"

"ఎవుడిదైనా అంతే," అన్నాడు సత్తిబాబు తలెత్తకుండా. "నువ్వలా ఎనక్కి జరుగు."

ఆమె కోపంతోనే వెనక్కి జరిగింది. అతను అన్నీ తట్టడం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడింది.