ఎదుటి కుర్చీ

ఆదివారం పొద్దున పాండురంగయ్య సారు యరమరస్ బడిగదిలో కథలు రాయడం నేర్పుతాడు. ముందు బల్లల మీద పడిన ప్లాంటు బూడిద తుడిపిస్తాడు, తర్వాత రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయిస్తాడు. ఎవరైనా కథ చదివితే అందులో కొట్లాడుకునే ఇద్దరూ కథలోంచి లేచి వచ్చి కూర్చుంటారు. అసలు మనుషులు ఆ వేళకు చేన్లోనో డ్యూటీలోనో ఉంటారు, వాళ్లకిదేమీ తెలియదు. వచ్చినవాళ్లకు చాయ్ ఇవ్వడం మర్యాద.

హులిగెమ్మ తన ఇంటి కథే రాసింది. థర్మల్ ప్లాంటుకు తల్లి పేరున ఉన్న భూమి పోతే ఇంటికొక నౌకరి అన్నారు. ఐటీఐ పాసైంది తను, నౌకరి దొరికింది అన్న ఉమేశ్‌కు. "వాడే తన పేరు రాయించుకున్నడు" అని తల్లి రంగవ్వ కూతురితో పాటు కూర్చుని ఏడ్చింది. అప్పటినుంచి హులిగెమ్మ అన్నతో మాట మానేసింది. కన్నతల్లి, అవ్వ కూడా లేకుంటే ఏమైపోయేదాన్నో అనుకునేది.

తన కథే కనుక ఒక కుర్చీలో తనే కూర్చుని చదివింది. ఎదుట ఉమేశ్ వచ్చి కూర్చున్నాడు. మీసం దువ్వి, చాయ్ తాగి, ఆవులించాడు.

"దొంగ అని రాసినవ్, సరే" అన్నాడు సారు. "ఆయనకేం కావాల్నో రాయలే. ఏమీ వద్దనేటోడు ఎట్ల కొట్లాడ్తడు? తిట్లు సంఘర్షణ గాదు బిడ్డా. నీకొకటి కావాలె, ఎదుటోళ్లకు ఇంకోటి కావాలె. ఒకరికి దొరికితే ఇంకొకరికి దొరకొద్దు."

హులిగెమ్మకు ఒళ్లు మండింది. దొంగ తరఫున కూడా తనే వకాలత్ చేయాలా? అయినా వారమంతా అన్నను కనిపెట్టి చూసింది. డ్యూటీ దిగి ముఖం కడుక్కుని పక్కింటి కుట్టుమిషను ముందు కూర్చునేవాడు. లింగసుగూరులో టైలరు దుకాణం పెట్టాలని వాడి ఆశ. ప్లాంటు పేరెత్తితే ముద్ద దిగదు. అదంతా రాసింది.

మరుసటి ఆదివారం ఉమేశ్ వచ్చాడు కానీ ఎదుట కూర్చోలేదు. చెల్లెలి పక్కన నిలబడ్డాడు. ఎదుటి కుర్చీలో, చేతులకు జొన్నపిండితో, రంగవ్వ కూర్చుంది.

"ఇప్పుడు కూసోవాల్సినోళ్లు కూసున్నరు" అని సారు ఇంకో చాయ్ చెప్పాడు.

"అవ్వా, నువ్వా?"

"నేనే వాని పేరు జెప్పి ఏలుముద్ర ఏసిన. నీ జీతం రేపు నీ అత్తింటికి పోతది. వానిదైతే నాకు రొట్టె పెడ్తది."

"మరి నాతోటి ఎందుకు ఏడ్చినవ్?"

"నిజంగనే ఏడ్చిన బిడ్డా."

దొంగ ఏడుపని చెప్పినా హులిగెమ్మ ఓర్చుకునేదేమో. ఈ మాటకు మాత్రం కుర్చీ తోసి లేచింది.

నేరుగా ప్లాంటు గేటు దగ్గరికి పోయి, డ్యూటీలో ఉన్న అసలు ఉమేశ్‌ను పిలిపించింది. "అన్నా, నీ పేరు రాయించింది అవ్వ అని నీకు తెల్సా?"

ఉమేశ్ తల వంచుకున్నాడు. "తెల్సు. అవ్వ మీద కూడ నమ్మకం పోతే నువ్వు బతకవని ఆ నింద నా మీద ఏసుకున్న."

కొన్నాళ్లకు వాడు తన జాగాలో చెల్లెలి పేరు రాయించి లింగసుగూరు బస్సెక్కాడు. మొదటి జీతంతో హులిగెమ్మ జొన్నల మూట తెచ్చి తల్లి ముందు దింపింది. "రొట్టెకు రంది పెట్టుకోకవ్వా" అంది. తర్వాత పెరట్లో మూడు రాళ్లు పేర్చి తన పొయ్యి తను వెలిగించుకుంది. అన్నదమ్ములు వేరుపడటం ఊరికి తెలుసు. పెళ్లికాని కూతురు తల్లితో వేరు పొయ్యి పెట్టుకోవడం మాత్రం ఎవరూ ఎరగరు.