సత్రం సెట్టులో మధ్యాహ్నం ఆట

ఆ సత్రాన్ని నేను పడగొట్టి అమ్ముకుందామనే కొన్నాను.

స్టూడియో మూతబడి, లోపలి సెట్లన్నీ వేలానికి వచ్చినప్పుడు మిగతావాళ్లు లైట్లూ కెమెరా పట్టాలూ ఏరుకున్నారు. నాది పాత కలప వ్యాపారం. తట్టి చూస్తే ఏది టేకో, ఏది గోనెగుడ్డ మీద ప్లాస్టరో నాకు తెలిసిపోతుంది. ఎదురుగా చూస్తే అది రెండంతస్తుల సత్రం. మెట్లు, పైన కర్ర వసారా, కింద స్తంభాలు, వాకిట్లో పరిచిన రాతిపలకలు అన్నీ ఉన్నాయి. వెనక్కి వెళ్తే మాత్రం గోడలు పడిపోకుండా ఆనించిన కర్రలు తప్ప ఏమీ లేదు. విప్పితే కూలీ ఖర్చులు కూడా గిట్టవని మొదటిరోజే అర్థమైంది.

అయినా కొన్న పాపానికి విప్పడానికి సుత్తులతో వెళ్తే గేటు బయట జనం ఉన్నారు. ఆ సత్రంలో తీసింది ముప్పై ఏళ్ల కిందటి సినిమా. ఆ మెట్ల మీద హీరో ఒక్కడూ ఒక ముఠాని కొట్టుకుంటూ కిందికి దిగుతాడు. ఆ ఒక్క ఫైటు కోసం సినిమాని పదేపదే చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "పడగొట్టేముందు ఒక్కసారి లోపలికి రానివ్వండి బాబూ" అని ఒక పెద్దావిడ బతిమాలింది. రానిచ్చాను. ఆవిడ వెళ్లి స్తంభాన్ని కావలించుకుని ఏడ్చింది. అది స్తంభం కూడా కాదు, కర్ర చుట్టూ పోసిన ప్లాస్టరు. ఇంకొకాయన మెట్టు మీద కూర్చుని, "కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారంటారు?" అని నన్నే అడిగాడు.

కలప ఒక్కసారే అమ్ముడుపోతుంది. ప్లాస్టరుని పట్టుకుని ఏడ్చే మనిషి మళ్లీ వస్తాడు, ఇంకో నలుగురిని వెంటబెట్టుకొస్తాడు. సుత్తులు వెనక్కి పంపించి, గేటు దగ్గర టికెట్టు కౌంటరు పెట్టి, మా అక్కని కూర్చోబెట్టాను. కౌంటరు సెట్టు వెనక వైపు ఉంటుంది. కుర్చీలు ముందు వైపు. వచ్చినవాళ్లు సత్రం లోంచి నడిచి, అన్నీ ముట్టుకుని, అప్పుడు కూర్చోవాలి. ముట్టుకున్న సరుకుని ఎవరూ చవక అనుకోరు.

మా అక్క మొగుడు ఆ సినిమాలో ఉన్నాడు. వసారా మీంచి కిందపడే ముఠావాడు. తెర మీద ముఖం కనబడదు, వీపు కనబడుతుంది. పెళ్లయిన కొత్తలో సినిమాకి తీసుకెళ్లి, గర్వంగా ఆ వీపే చూపించాడని అక్క ఇప్పటికీ ఏడిపిస్తుంది. రోజూ ఆ ఫైటు ఆడించాలని నాకు ఆలోచన వచ్చినప్పుడు హీరో వేషం బావకే ఇచ్చాను.

"ముప్పై ఏళ్లకి ప్రమోషన్ వచ్చింది బామ్మర్దీ. జీతం మాత్రం ఇంకా కిందపడేవాడిదే" అన్నాడు.

ముఠా నాయకుడిగా ఒక పొడుగాటి ఫైటరుని పెట్టుకున్నాం. అందరం పొడుగాయన అనే పిలిచేవాళ్లం. మెత్తటి మనిషి. చేతిలో ఇనుపరంగు వేసిన రబ్బరు పైపు పట్టుకుని గర్జించేవాడు. చివరి మెట్టు దగ్గర హీరో చెంపమీద కొడితే పైపు వదిలేసి కూలబడాలి. సినిమాలో ఆ చప్పుడు తర్వాత కలిపారు. ఇక్కడ చప్పుడు రావడం లేదని వెనక వరసలవాళ్లు గొడవ చేశారు. అందుకని నిజంగానే కొట్టమన్నాను. పొడుగాయనకి జీతం పెంచాను, ఆయనా ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం ఆ చెంప పేలేది, జనం ఈలలు వేసేవారు.

ఒకరోజు పొడుగాయన అత్తగారివాళ్లు ఆట చూసిపోయారు. ఆ తర్వాత ఇంట్లో ఆయన కంచం ముందు కూర్చుంటే చాలు, బావమరది తన చెంప తనే వాయించుకుని చప్పుడు చేస్తున్నాడట. పొడుగాయన వచ్చి అడిగాడు.

"ఓనరు గారూ, వారానికి ఒక్క ఆటలో నేను కొడతాను. అన్న పడిపోవాలి. ఆ రోజు మావాళ్లని పిలుచుకుంటాను."

"కుదరదయ్యా. వచ్చేవాళ్లకి సినిమా కంఠతా వచ్చు. చెయ్యి మారినా ఊరుకోరు."

అది నిజం. మొదటి వరసలో కూర్చునే ఒక రిటైర్డు టీచరుకి రీలు మాస్టారని పేరు పెట్టాం. బావ ఎడమకాలు ముందు పెట్టాల్సిన చోట కుడికాలు పెడితే ఆట అయ్యాక వచ్చి సంజాయిషీ అడిగేవాడు.

పక్కనే ఉన్న బావ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నవ్వాడు. "నువ్వు కొడితే సినిమా అక్కడే అయిపోతుందిరా. ఆ తర్వాత హీరోయిన్ని ఎవరు చేసుకుంటారు, నువ్వా?"

అందరం నవ్వాం. పొడుగాయన కూడా నవ్వాడు.

మర్నాడు ఆటకి కుర్చీలు చాలలేదు. నా మైకు గది కుర్చీల వెనక, నిచ్చెన ఎక్కి వెళ్లేంత ఎత్తులో ఉంటుంది. చోటు దొరకనివాళ్లని ఆ నిచ్చెన మెట్ల మీదే కూర్చోబెట్టాను. "జాగ్రత్తగా చూడండి, ఇది ఉత్తుత్తి ఫైటు కాదు, నిజం, ప్రాణాలతో చెలగాటం" అని రోజూ చెప్పే మాటలే చెప్పాను. చిన్న ఫైటర్లు ఇద్దరూ తన్నులు తిని, పల్టీలు కొట్టి, టీ తాగడానికి గేటు బయటికి పోయారు. మెట్ల మీద బావ, కింద పొడుగాయన మిగిలారు.

బావ చివరి మెట్టు మీదికొచ్చి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగకముందే పైపు లేచింది. బావ తల పక్కకి లాక్కున్నాడు. పైపు వెళ్లి స్తంభానికి తగిలింది.

రబ్బరు తగిలితే కర్ర పలకదు. ఆ స్తంభం ఖంగుమంది. ప్లాస్టరు పెచ్చులుగా లేచి లోపలి కర్ర చీలింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ కర్ర మీద ఇనుము పడే చప్పుడు వింటున్నవాణ్ణి. పైపు మార్చాడు.

రెండో దెబ్బ బావ మోచేతి మీద పడింది. చెయ్యి అక్కడ విరిగి, అరచెయ్యి బయటి వైపుకి తిరిగి వేలాడింది. బావ అరవలేదు. దెబ్బ తగిలితే అరవకుండా పక్కకి దొర్లడం అతని వృత్తి. దొర్లి, అక్కడున్న బల్లని మంచి చేత్తో ఎత్తి పొడుగాయన భుజాల మీద వేశాడు. దెబ్బ తగలకుండా విరగడానికే చేయించిన బల్ల అది. బిస్కెట్టులా ముక్కలై రాలిపోయింది. పొడుగాయన కదల్లేదు.

రీలు మాస్టారు లేచి నిలబడ్డాడు. "ఆగండాగండి. సినిమాలో ఇలా లేదు. హీరో చెయ్యి విరగదు."

"కొత్తగా మార్చారేమో" అన్నారు పక్కనెవరో.

"ఎవర్ని అడిగి మార్చారు?"

మూడో దెబ్బ నోటి మీద. బావ రాతిపలకల మీద బోర్లాపడి ఉమ్మితే రక్తంతోపాటు పళ్లు పడ్డాయి. "రక్తం భలే చేశార్రా, అచ్చం నిజంలాగే ఉంది" అన్నారు నా గది కింద ఎవరో.

"ఆపండి" అని మైకులో అరిచాను. "ఇది నిజం. ఆయన్ని చంపేస్తున్నాడు. ఎవరైనా వెళ్లి పట్టుకోండి."

చప్పట్లు కొట్టారు. రోజూ నేను చెప్పేది అదే కదా. నా సరుకుని ఇన్నాళ్లూ నేనే ఉన్నదానికన్నా ఎక్కువ చేసి అమ్మాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్తే కొనేవాడు లేడు. దిగుదామంటే నిచ్చెన నిండా జనం. "కూర్చోండి సార్, అడ్డం" అని నా కాలు పట్టుకుని పైకి నెట్టారు.

అక్కడ బావ పాకుతూ వెళ్లి పొడుగాయన పిక్కని కొరికి పట్టుకున్నాడు. పొడుగాయన రెండో కాలితో పక్కటెముకల్లో తన్నాడు, పట్టు వదిలేదాకా తన్నుతూనే ఉన్నాడు. తర్వాత జుట్టు పట్టుకుని తల పైకి లాగి, మెల్లిగా అడిగాడు. వాకిట్లో పెట్టిన మైకు ఆ మాటని అందరికీ వినిపించింది.

"కొట్టన్నా. రోజూ కొట్టినట్టే కొట్టు. ఏది, చెయ్యెత్తు."

వదిలేశాడు. బావ ముఖం రాతికి తగిలింది. పొడుగాయన పైపుని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

రీలు మాస్టారు నా వైపు తిరిగాడు. "డబ్బు పెట్టి వచ్చింది హీరో తన్నులు తినడం చూడ్డానికా? మా డబ్బు మాకిచ్చెయ్యండి." వెనకనుంచి ఇంకొందరు అందుకున్నారు. "వాపసు, వాపసు."

నేను ఏనాడూ ఒక్క టికెట్టు వాపసు ఇచ్చిన పాపాన పోలేదు. వాన పడి ఆట సగంలో ఆగిపోయిన రోజున కూడా, చూసిన సగానికి సంతోషించమన్నాను. అది ఊరందరికీ తెలుసు. మైకు నోటికి ఆనించుకున్నాను.

"టికెట్టు డబ్బు అందరికీ వాపసు. ఇప్పుడే, కౌంటరు దగ్గర. ముందు చేరుకున్నవాళ్లకి రెట్టింపు."

 రీలు మాస్టారు ముఖంలో రంగు మారింది. "ఈయన వాపసు ఇస్తానంటున్నాడంటే, అయితే అది..." అని మెట్ల వైపు పరుగెత్తాడు. ఆయన తప్ప ఇంకెవరూ ఆయన ఆలోచించినట్టు ఆలోచించలేదు. మిగతా జనం లేచి కౌంటరు వైపు పరుగెత్తారు. కౌంటరుకి దారి సత్రం లోంచే కదా.

కుర్చీలకీ వాకిలికీ మధ్య కట్టిన తాడు తెంచుకుని అందరూ ఒక్కసారిగా వాకిట్లో పడ్డారు. పైపు పైకెత్తి ఉన్న పొడుగాయనకి ముందు నడుం మీద ఒక భుజం తగిలింది, తర్వాత మోచేతులు, తర్వాత మోకాళ్లు. తూలి మెట్ల పక్కన పడ్డాడు. పడినవాణ్ణి తొక్కుకుంటూ పోయారు. పైపుని గుడ్డిగా తిప్పాడు. ఒకాయన కణత చిట్లింది, ఇంకొకావిడ చేతిసంచీ చిరిగి నాణేలు చిమ్మాయి. ఆ నాణేల కోసం వంగినవాళ్ల మీద వెనకవాళ్లు పడ్డారు. ఆ గుంపు బరువంతా చీలిన స్తంభం మీద పడింది. స్తంభం ఒరిగింది. పైనున్న వసారా ముందు మెల్లిగా వంగి, తర్వాత ఒక్కసారిగా కూలింది.

నేను గదిలోంచి జనం భుజాల మీదికి దూకాను. ఎలా దిగానో తెలీదు, వాకిట్లోకి వచ్చేసరికి మనుషులు తప్పుకున్నారు. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. రీలు మాస్టారు చెక్కముక్కలు లాగి పారేస్తున్నాడు. అక్క వెనకవైపు నుంచి జనానికి ఎదురీది వచ్చింది. చీర కొంగు సగం చిరిగి ఉంది.

దుమ్ము తగ్గాక చూశాం. వసారాని మోసిన పెద్ద దూలం సత్రం రాతి గడప మీద అడ్డంగా పడి ఉంది. దాని ఒక కొస బావ ఛాతీ మీద ఉంది. గడపకి ఇవతల, రెండో కొస జానెడు ఎత్తులో లేచి ఉంది. సరిగ్గా దాని కింద పొడుగాయన. అతని నడుం మీద మెట్లు పడ్డాయి. కాళ్లు బయటికే ఉన్నా కదపలేకపోతున్నాడు.

నేనూ మాస్టారూ బావ వైపు కొసని ఎత్తబోయాం. కదల్లేదు. ఇంకెవరినైనా పిలుద్దామని కేకేశాను. జనం కౌంటరు కటకటాలని ఊపుతున్న మోతలో నా కేక కలిసిపోయింది. బావ పెదాలు నీలంగా మారాయి. నోట్లోంచి రక్తం బుడగలుగా వస్తోంది. ఊపిరి బయటికి పోతోంది గానీ లోపలికి వెళ్లడం లేదు.

ఈ కొసని తొక్కితే గడప మీద తిరిగి ఆ కొస లేస్తుంది. తొక్కితే దిగడానికి ఉన్న చోటు పొడుగాయన తొడ. ఆ లెక్క నాకు తెలిసిన క్షణంలోనే అక్కకీ తెలిసింది. పొడుగాయనకి కూడా.

"వదినా" అన్నాడు. "వదినా, వద్దు. నేను పైపు వదిలేశాను, చూడండి."

అక్క చిరిగిన కొంగు నడుంకి దోపుకుంది. విరిగిన మెట్టు ఎక్కి, దూలం కొస మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడింది. దూలం కొంచెం దిగి తొడని తాకి ఆగిపోయింది. అవతల బావ ఛాతీ మీంచి లేవలేదు.

"నా బరువు చాలట్లేదురా" అంది. "నువ్వూ ఎక్కు."

పొడుగాయన నా వైపు తిరిగాడు. "ఓనరు గారూ, మీరు చెప్పారనే కదా చెంప చూపించాను."

నేను ఎక్కాను. అక్క భుజం పట్టుకుని, దూలం చిట్టచివరకి జరిగి, కాళ్లలో బరువంతా పెట్టాను. కింద మెత్తగా ఉన్నది గట్టిగా తగిలింది. తర్వాత ఆ గట్టిది విరిగింది. ఆ అరుపు మైకులో వీధి చివరిదాకా వినబడిందని తర్వాత చెప్పారు. అప్పటికి గాని కౌంటరు దగ్గర జనం వెనక్కి తిరగలేదు. అవతల మాస్టారు బావ చంకల్లో చేతులు వేసి లాగుతున్నాడు.

"ఇంకొంచెం" అన్నాడు మాస్టారు. ఇంకొంచెం తొక్కాం.

బావ బయటికి వచ్చాడు. పక్కకి తిప్పితే రక్తం కక్కి, పెద్దగా శబ్దం చేస్తూ ఊపిరి పీల్చాడు. అక్క దూలం దిగి వెళ్లి అతని తల ఒళ్లో పెట్టుకుంది. నేనూ దిగాను. అప్పుడు మనుషులు వచ్చి పడ్డారు. దూలాన్ని ఎత్తి పక్కకి వెయ్యడానికి వాళ్లకి ఎంతోసేపు పట్టలేదు.

బావ బతికాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవదు, ఒక ఊపిరితిత్తి సగమే పనిచేస్తుంది. పొడుగాయన కాలు తొడ దగ్గరికి తీసేశారు. హత్యాయత్నం కేసులో అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి కోర్టుకి తెచ్చారు. కూలిన సత్రాన్ని ముక్కలుగా ఇస్తారా అని కొందరు అడిగారు, కావలసినవి పట్టుకుపొమ్మన్నాను. వాపసు అడిగినవాళ్లందరికీ ఇచ్చాను.

పొడుగాయన తరఫు వకీలు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగాడు. దూలం కింద మనిషి ఉన్నాడని మీకు తెలుసా?

ముందు అక్క బోనెక్కింది. "మా ఆయన ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అనే చూస్తున్నానండీ. కిందికి చూడలేదు" అని చెప్పింది.

తర్వాత నన్ను పిలిచారు. చెప్పాల్సిన మాట మా వకీలు ముందే నేర్పాడు. అక్క చెప్పిందే చెప్పమన్నాడు. పొడుగాయన కుర్చీలో ముందుకి వంగి నా నోటి వంకే చూస్తున్నాడు.

"చూశాను" అన్నాను. "చూసే ఎక్కాను."