పైకెళ్ళి వచ్చే మనిషి

ఐదో అంతస్తు దగ్గర లిఫ్టు ఆపి, కటకటాల తలుపు పక్కకు లాగి, బయట ఎవరూ లేరని తెలిసీ ఒకసారి తల బయటపెట్టి చూశాడు. ఎవరూ లేరు. లిఫ్టు నేలా వరండా నేలా ఒకే మట్టానికి వచ్చాయో లేదో చెప్పు కొనతో తడిమి చూసుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ సంగతి మెచ్చుకోవడానికి కూడా ఒక మనిషి కావాలి కదా! తలుపు మూసి కిందికి బయలుదేరాడు.

పాతకాలపు లిఫ్టు అది. నొక్కే మీటలు లేవు, గోడకు ఒక ఇత్తడి పిడి ఉంటుంది. ఎడమకు తిప్పితే పైకి, కుడికి తిప్పితే కిందికి, వదిలేస్తే ఆగుతుంది. ఎక్కడ వదలాలన్నదే విద్య. నేల ఇంకా నాలుగు వేళ్ళ దూరం ఉండగా వదలాలి, మనుషులు నిండుగా ఉంటే ఇంకొంచెం ముందు వదలాలి. ఈ విద్య అతనికి మేనమామ నేర్పాడు. "ఎక్కేవాడి కాలు తట్టుకోకూడదురా, మన పనల్లా అంతే" అనేవాడు ఆయన. ఆయన తర్వాత ఆ ముక్కాలి పీట మీద ఇతను కూర్చున్నాడు. కూర్చుని ఇరవై తొమ్మిదేళ్ళయింది.

లిఫ్టు బాబాయ్ అంటారు అందరూ. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. బక్కపలచని మనిషి. పిడి తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికన్నా కాస్త పైకి లేచింది. చొక్కా కుడిచేతి అంచుకు ఎన్ని ఉతుకులు ఉతికినా పోని నూనె మరక. ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. పంతొమ్మిదో ఏట కడుతున్న మేడ మీది పరంజా నుంచి పడ్డాడు. అప్పుడు బతికి బయటపడ్డాకే మేనమామ ఈ పనిలో పెట్టించాడు.

ఏడంతస్తుల ఆ కచేరీలో మొన్నమొన్నటి దాకా పొద్దున తొమ్మిదింటికి లిఫ్టు ముందు తోపులాట. ఇతను పీట మీంచి లేచి, "ఒకరి తర్వాత ఒకరు, అందరినీ పైకి పంపించే పూచీ నాది" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఇప్పుడు ఆ హాస్యం వినడానికి ఎవరూ లేరు. నాలుగు నెలల కిందట యాజమాన్యం వారు ప్రతి ఉద్యోగి చేతికీ ఒక నల్లపట్టీ కట్టారు. ఎన్ని అడుగులు వేశారో అది లెక్కపెడుతుందట. రోజుకు తొమ్మిది వేలు వెయ్యాలట. అంతస్తుకూ అంతస్తుకూ పోటీ పెట్టి, కింద గోడకు పలక బిగించి, రోజూ ఎవరు ముందున్నారో రాస్తున్నారు. వేలంవెర్రి అంటే అదీ. టెలిఫోను పట్టుకుని మాట్లాడేవాడు కూర్చుని మాట్లాడడు, వరండాలో పచార్లు చేస్తాడు. సంతకం కావాలంటే కాగితం పంపరు, స్వయంగా మోసుకొస్తారు. రెండో అంతస్తు పెద్దమనిషి ఒకాయన భోజనమయ్యాక కుర్చీ చుట్టూ తిరుగుతూ కనబడ్డాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం, మనకేం పోయింది అనుకోవచ్చు. లిఫ్టు బాబాయ్‌కి మాత్రం పోయింది. మెట్లెక్కితే అడుగులు పడతాయి, లిఫ్టెక్కితే పడవు.

పదిహేను రోజుల కిందట మేనేజరు కబురు చేశాడు. వయసులో చిన్నవాడు, చెడ్డవాడని అనడానికి లేదు. "ఎవరూ ఎక్కని లిఫ్టుకు కరెంటు దండగ కదండీ. సరే, పదిహేను రోజులు చూద్దాం. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు యాభైమంది ఎక్కితే ఉంచేద్దాం" అన్నాడు. లెక్క రాసే పని కింద కూర్చునే వాచ్‌మన్‌కు అప్పగించాడు. పద్నాలుగు రోజులు గడిచాయి. ముప్ఫై ఏడు దాటలేదు. ఇవాళ పదిహేనో రోజు, నాలుగింటిదాకా గడువు. పొద్దున బయలుదేరేటప్పుడు భార్య, కుడుతున్న కాజా నుంచి కళ్ళెత్తకుండానే అడిగింది.

"మందు వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"గ్యాసు మందే కదా?"

అతను వంగి చెప్పులు తొడుక్కున్నాడు. ఆరు నెలల కిందట ఛాతీ పట్టేసినప్పుడు డాక్టరు చెప్పింది గ్యాసు గురించి కాదు. బరువులెత్తకు, మెట్లెక్కకు అన్నాడు. ఇంటికొచ్చి గ్యాసేనట అని చెప్పాడు. మందు డబ్బా మీద ఏం రాసుందో ఆవిడ పక్కింటివాళ్ళ చేత చదివించుకుందని అతనికి తెలుసు. అతనికి తెలుసునని ఆవిడకూ తెలుసు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో పిల్లలు లేని లోటునూ ఇలాగే దాటవేశారు, ఇద్దరూ ఆ మాట ఎత్తకుండా.

ఆవిడకు నోరు మంచిది. మీ ఆయన ఏం చేస్తాడు అని ఎవరైనా అడిగితే, "లోకంలో పైకెళ్ళినవాళ్ళు తిరిగిరారు. మా ఆయన రోజుకు రెండొందలసార్లు పైకెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాడు" అంటుంది. ఈ మాట పెళ్ళైన కొత్తలో అన్నది. ఇప్పటికీ అంటుంది, అతను ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వని రోజు ఆవిడ మొహం చిన్నబోతుందని భయం.

మధ్యాహ్నానికి పంతొమ్మిది మంది. గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళను పిలిచాడు. ఇలా పిలవడం అతనికి చేతకాని పని. నోట్లో నాలుకలేని మనిషి పాపం, గొంతు సవరించుకుని, "రండి సార్, ఖాళీగానే ఉంది" అన్నాడు. ఆ సారు మణికట్టు చూపించి, "మా అంతస్తు వెనకబడింది బాబాయ్" అని రెండేసి మెట్లు దాటుకుంటూ పోయాడు. ఇంకొకాయన ఆగి మరీ బోధించాడు. "కూర్చుంటే కొవ్వు పడుతుంది. మీరూ నడవండి, గుండెకు మంచిది." లిఫ్టు బాబాయ్ బుద్ధిగా తలూపాడు.

మూడింటికి టీ అమ్మే ఆవిడ ఫ్లాస్కు సంచి భుజాన వేసుకుని వచ్చింది. నాలుగో అంతస్తుకని ఎక్కింది. దిగింది. మళ్ళీ ఎక్కింది.

"ఏం చెల్లెమ్మా, ఏమన్నా మరిచిపోయావా?"

"అవునన్నా, మతిమరుపు ఎక్కువైంది ఈ మధ్య" అంది, గోడకేసి చూస్తూ.

అలా పదకొండుసార్లు మరిచిపోయింది ఆ మహాతల్లి. టీలు చల్లారిపోయాయి. కొన్నవాళ్ళు ఒంటికాలి మీద లేచారు. ఆవిడ లెక్కచెయ్యలేదు. వాచ్‌మన్ ప్రతిసారీ బుద్ధిమంతుడిలా ఒక గీత గీశాడు. ఆరో అంతస్తుకు బీరువా మోసుకొచ్చిన ఇద్దరు కూలీలు ఎక్కారు, వాళ్ళ చేతికి పట్టీలు లేవు. మధ్యలో వచ్చిపోయినవాళ్ళతో కలిపి మూడు ముప్పావుకు నలభై ఒకటి.

నలభై ఒకటి అన్న అంకె చూసి లిఫ్టు బాబాయ్‌కి నిజంగానే ఆశ కలిగింది. అంతవరకూ లేదు. పదిహేను రోజులుగా లేని ఆశ ఆ పావుగంటలో ఎక్కడినుంచి వచ్చిపడిందో, రెండుసార్లు గుమ్మందాకా వెళ్ళి చూసి వచ్చాడు. ఇంట్లో కూర్చోవడం అతనికి చేతకాదు. ఉన్న ఒక్క గదిలో, ఆవిడ కాజాలు కుడుతుంటే, తను గోడకానుకుని ఏం చేస్తాడు? ఆవిడ వేళ్ళు చూస్తూ కూర్చుంటాడా? పైకీ కిందికీ తిరగని తనను చూసి ఆవిడ ఏ మాట చెప్పి నవ్విస్తుంది?

నాలుగవడానికి రెండు నిమిషాలుండగా వాచ్‌మన్ లోపలికి వంగి మెల్లిగా అన్నాడు. "బాబాయ్, యాభై అని రాసేస్తాను. ఎవడు చూడొచ్చాడు?"

"నీకు ముగ్గురు పిల్లలయ్యా."

"అయితే?"

"అయితే ఏముంది. ఉన్నదే రాయి."

నాలుగు కొట్టింది. కరెంటు పనివాడు వచ్చి పెట్టె తెరిచి ఫ్యూజు లాగేశాడు. లిఫ్టులో బల్బు ఆరింది. మట్టం సరిగ్గానే ఉంది. పీట మడిచి మూలన పెట్టి, తలుపులాగి తాళం వేస్తుంటే వాచ్‌మన్ బల్ల మీద ఫోను మోగింది. ఏడో అంతస్తు నుంచి మేనేజరు.

"తాళంచెవి పట్టుకుని పైకి రండి. మిమ్మల్ని ఊరికే పంపనులెండి, వెనక గేటు దగ్గర కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. కాగితం మీద సంతకం పెట్టాలి. ఐదింటికల్లా నేను బయల్దేరిపోతాను, రేపటినుంచి వారం రోజులు ఊళ్ళో ఉండను."

"సార్, కాగితం కిందికి..."

"ఏం, మెట్లెక్కలేరా? అక్కడ గంటకోసారి ప్రహరీ చుట్టూ తిరగాల్సి ఉంటుంది మరి. ఆరోగ్యం బాగానే ఉంది కదా?"

"బాగానే ఉంది సార్" అన్నాడు లిఫ్టు బాబాయ్. ఇంకేమంటాడు? ఎక్కలేనంటే కుర్చీ పోతుంది.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మెట్లు ఎక్కడం అతనికి అదే మొదలు. అంతస్తుకు ఇరవై రెండు మెట్లు, సగంలో ఒక మలుపు. కమ్మీ పట్టుకుని కుడికాలు వేసి, ఎడమకాలు దాని పక్కకు ఈడ్చుకుని, మళ్ళీ కుడికాలు. మెట్టుకు రెండడుగులు పడుతున్నాయి. మొదటి అంతస్తు బాగానే ఎక్కాడు. రెండోది ఎక్కాక కాసేపు నిలబడ్డాడు. గోడ అవతలే తన లిఫ్టు దారి. ఆ చీకటి గొట్టంలోంచి ఎన్ని వేలసార్లు ఇదే ఎత్తు ఎక్కాడో, ఒళ్ళు మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. ఇంత ఎత్తని మేనమామ ఎప్పుడూ చెప్పలేదే అనుకున్నాడు.

మూడో అంతస్తు మలుపులో నాలుగో అంతస్తు అమ్మాయి ఒకతె మెట్టు మీద కూర్చుని ఉంది. ఫిర్యాదుల విభాగంలో పని. ఒక చెప్పు విప్పి చీలమండ పట్టుకుంది. అది ఉబ్బి ఉంది.

"ఏమైందమ్మా?"

"బెణికింది బాబాయ్. ఇంకో ఎనిమిది వందల అడుగులు ఉన్నాయి. ఇవాళ నా వల్ల తగ్గిందంటే మావాళ్ళు నన్ను నమిలేస్తారు." అతని వైపు చూసింది. "మీరెక్కడిదాకా?"

"ఏడో అంతస్తుకు."

ఆ అమ్మాయి ఒక్కక్షణం తటపటాయించి, పట్టీ విప్పి చేత్తో పట్టుకుంది. "ఏమనుకోకండి బాబాయ్. ఎలాగూ పైకెళ్తున్నారుగా, ఇది కట్టుకెళ్తారా? పైన వరండాలో నాలుగు చుట్లు తిరిగి దిగివస్తే సరిపోతుంది. ఎవరికీ చెప్పకండి, నా పరువు పోతుంది."

పైకి తీసుకెళ్ళమని అడిగిన మనిషిని అతను ఇంతవరకూ కాదనలేదు. చెయ్యి చాపాడు. ఆ అమ్మాయే కట్టింది. సన్నని మణికట్టుకు అది వదులైంది, చివరి కంతదాకా బిగించింది. నలభై రెండో మనిషి అనుకున్నాడు అతను, ఎందుకో ఓదార్పుగా అనిపించింది.

ఐదో అంతస్తు దాటాక ఛాతీ మీద ఎవరో మోకాలు వేసి నొక్కినట్టయింది. ఎడమచెయ్యి బరువెక్కింది. ఇంకా ఎన్ని మెట్లున్నాయో తల ఎత్తి చూడబుద్ధి కాలేదు. మలుపులో, కిటికీ కింద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్క నిమిషం కూర్చుందామనే అనుకున్నాడు. భయం వేసింది. ఎవరినైనా పిలవాలనుకున్నాడు. పైనుంచి ముగ్గురు దిగుతున్నారు, సాయంకాలపు అడుగులు పూర్తి చేసుకుంటూ, గబగబా. ఒకాయన అతని చేతి పట్టీ చూశాడు.

"శభాష్ బాబాయ్, మీరూ మొదలెట్టారన్నమాట."

నోరు తెరిచాడు. మాట రాలేదు, అలవాటైన నవ్వు వచ్చింది. వాళ్ళు ఆగితే వేగం తగ్గిపోతుంది. వెళ్ళిపోయారు. కిటికీలోంచి పడుతున్న ఎండ అతని పాదాల మీదికి జరిగింది. ఇంటికి ఆలస్యమైతే ఆవిడ కంగారు పడుతుందనుకున్నాడు, గేటు దగ్గర కుర్చీ ఎండలో ఉంటుందా నీడలో ఉంటుందా అనుకున్నాడు, ఆ తర్వాత ఏమీ అనుకోలేదు.

ఐదింటికి మేనేజరు దిగుతూ అతన్ని చూశాడు. తల గోడకానించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. అలసి కునుకు తీస్తున్నాడనుకుని, పాపం లేపడం ఎందుకని, కాగితం మడిచి అతని చొక్కా జేబులో పెట్టి మెత్తగా దిగిపోయాడు. ఖాళీ గ్లాసుల కోసం వచ్చిన టీ అమ్మే ఆవిడ, "అన్నా, ఇక్కడ కూర్చున్నావేం?" అని భుజం తట్టేసరికి ఐదుంబావు.

మర్నాడు భార్య వచ్చింది. వాచ్‌మన్ ఆవిడ ముందు బల్ల మీద వస్తువులు ఒక్కొక్కటే పెట్టాడు. ఖాళీ అన్నం డబ్బా, మందుల చీటీ, సంతకం లేని కాగితం. ఆవిడ ఏడవలేదు. ఏడవడం రాత్రే అయిపోయింది. చివర పెట్టిన నల్లపట్టీని వేలితో వెనక్కి నెట్టింది.

"ఇది మాది కాదు బాబూ. ఆయన ఇలాంటివి కట్టుకోడు."

వాచ్‌మన్ పట్టీ పట్టుకుని ఏడంతస్తులూ ఎక్కి అడిగాడు. నాలుగో అంతస్తులో ఫిర్యాదుల విభాగం అమ్మాయి కాలికి కట్టుతో కూర్చుని ఉంది. పట్టీ వంక చాలాసేపు చూసింది. చుట్టూ కూర్చున్నవాళ్ళ వంక చూసింది. చొక్కా చేతులు మణికట్టు మీదికి లాక్కుని, నాది కాదు అంది. మధ్యాహ్నం ఆ అమ్మాయి మరుగుదొడ్డి లోపల గడియ పెట్టుకుని ఏడవడం టీ అమ్మే ఆవిడకు వినబడింది గానీ, ఎందుకో తెలియలేదు.

పోటీలో నెగ్గింది ఆరో అంతస్తు. పట్టీ వాచ్‌మన్ బల్ల సొరుగులో ఉండిపోయింది. పెన్ను కోసమో అగ్గిపెట్టె కోసమో అతను సొరుగు లాగినప్పుడల్లా అది వెలిగి, ఒక అడుగో రెండడుగులో లెక్కేసుకుని, మళ్ళీ ఆరిపోతుంది.