ఎనిమిది గుండీల కుర్తా

కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు ఎలా పట్టుకోవాలో నేర్పే పుస్తకం రాశాడు సునీల్‌కుమార్. పగలంతా కోల్‌కతా సెక్టర్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, ఇంటికొచ్చాక పుస్తకం. రెండేళ్లపాటు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడిన పాపాన పోలేదు. మొదటి అధ్యాయంలోనే పాఠకులకు ఒక ఉపదేశం చేశాడు: ఇతరులు రాసినదాన్ని అనుమానించే ముందు నువ్వు ఆఖరున దేని మీద చెయ్యి పెట్టావో చూసుకో. రాయడానికేం, ఎన్నైనా రాయొచ్చు.

అచ్చుకు వెళ్లేముందు పుస్తకాన్ని ముగ్గురు చదివి తప్పులు చెప్పాలి. ఒకరు ప్రచురణ సంస్థ ఎడిటరు, మరొకరు జాదవ్‌పూర్‌లో ఉండే ప్రొఫెసరు, మూడోవాడు ఆఫీసులో సునీల్ పక్క సీటు సాకేత్. అతనిది కరీంనగర్. కోల్‌కతా వచ్చిన కొత్తలో తిండికి అల్లాడుతుంటే సునీలే తెలుగువాళ్లుండే వాట్‌గంజ్‌లోని తన ఇంటికి తీసుకొచ్చాడు. ఆనాటి నుంచి ఆదివారం వచ్చిందంటే సునీల్ తల్లి సింహాచలమ్మ వండే చేపల పులుసులో సాకేత్‌కు వాటా ఉండాల్సిందే.

అంత స్నేహం ఉన్నా సునీల్‌కు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఇలాంటి పుస్తకాలు బజారుకు రాకముందే దొంగచాటుగా ఫోన్లలోకి ఎక్కేస్తాయని విన్నాడు. అందుకని ఒక వల పన్నాడు. పుస్తకంలో ఉదాహరణకు మెటియాబ్రుజ్ దర్జీ దుకాణం ఒకటి ఉంది. అందులో కుర్తాకు కుట్టే గుండీలు ఎడిటరుకిచ్చిన ప్రతిలో ఆరు, ప్రొఫెసరు ప్రతిలో ఏడు, సాకేత్ ప్రతిలో ఎనిమిది. మొదటి రెండూ మెయిల్లో పంపాడు. సాకేత్‌కు మాత్రం పెన్‌డ్రైవులో ఇచ్చి, అతను ఎక్కించుకున్నాక దాన్ని తెచ్చి ఇంట్లో బల్ల మీద పడేశాడు. పుస్తకం బయటపడితే గుండీలు చూసి దొంగను పట్టేస్తానని తన తెలివికి తనే మురిసిపోయాడు.

బయటపడనే పడింది. విడుదలకు ఇంకా కొన్ని వారాలుండగానే ఇంజనీరింగ్ విద్యార్థుల ఫోన్ గ్రూపుల్లో పుస్తకం చక్కర్లు కొడుతోందని ఎడిటరు కబురు పెట్టింది. సునీల్ ఆ ఫైలు తెరిచాడు. కుర్తాకు ఎనిమిది గుండీలు.

ఇక చూడాలి సునీల్ బుర్ర పరుగు! విడుదల ఎప్పుడని పోయిన వారం సాకేత్ ఎందుకు అడిగినట్టు? ఫోనొస్తే లేచి బయటికెందుకు పోతాడు? తను దగ్గరికెళ్తే లాప్‌టాప్ టక్కున మూస్తాడేం? పైగా అదే సంస్థకు సాకేత్ కూడా పుస్తకం రాస్తున్నాడు. తన పుస్తకం చతికిలబడితే వాడిదే పైచేయి కదా! తల్లి కొసరి కొసరి వడ్డించిన పులుసు గుర్తొచ్చి సునీల్‌కు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆఫీసు కింద టీకొట్టు దగ్గర ఫోను తీసి సాకేత్ ముఖం మీద పెట్టాడు. "ఇది నీకిచ్చిన కాపీ. ఇంకెవరికీ ఎనిమిది గుండీలు ఎట్టలేదు. ఎవరికిచ్చినావు?"

"నేనెవ్వలకూ ఇయ్యలేదన్నా."

"మరైతే బయటికెలా ఎల్లింది?"

సాకేత్ ఆ పేజీకేసి చాలాసేపు చూశాడు. ముఖంలో రంగు మారింది. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. "తెల్వదు. నన్నింకేం అడగకు," అని టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ తడబాటు చాలు సునీల్‌కు. ఎడిటరుకు అంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. కృతజ్ఞతల పేజీలోంచి సాకేత్ పేరు తీసేశారు. సాకేత్ రాస్తున్న పుస్తకం మాకొద్దన్నారు. సాకేత్ సీటు మార్చుకున్నాడు, ఆదివారాలు రావడం మానేశాడు. "బాబు రాలేదేట్రా?" అని తల్లి అడిగితే, పనుందట అని సునీల్ తప్పించుకున్నాడు.

విడుదల రోజు పొద్దున్నే సింహాచలమ్మ నూకాలమ్మ గుడి నుంచి పసుపుగుడ్డలో చుట్టిన మూటొకటి తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. "తల్లి పాదాల కాడ ఉంచినాను. ఇయ్యాల నీ కొత్త పుస్తకం పక్కనెట్టుకో, మంచిది."

సునీల్ గుడ్డ విప్పాడు. లోపల తన పుస్తకమే. కాగితాల మీద ప్రింటు తీసి, స్పైరల్ బైండింగు చేయించిన ప్రతి. నిండా కుంకుమ. వేళ్లు వాటంతటవే దర్జీ దుకాణం పేజీకి వెళ్లాయి. ఎనిమిది గుండీలు.

"అమా, ఇదెక్కడిది?"

"అదేట్రా, నువ్వే ఇచ్చినావు కదా! ఏదైనా బజారుకెల్లే ముందు తల్లికి సూపించాలని నేనంటే, ఆపీసోలతో ఫోన్లో మాటాడతా బల్ల మీద పెన్‌డ్రైవు ఉంది తీస్కెల్లమన్నావు. ఆ ఆదివారం సాకేత్ బాబు నన్ను బండెక్కించుకుని జిరాక్సు కొట్టుకి తీస్కెల్లినాడు. ఆ కొట్టాయన, బెంగాలీ దాదా, ఎంత మెచ్చుకున్నాడనుకున్నావు! మాసీ, నీ కొడుకు రాసినాడా, ఒక కాపీ ఉంచుకుని మా కొట్టుకొచ్చే కాలేజీ పిల్లలందరికీ సూపిస్తానన్నాడు. సూపించుకో బాబూ అన్నాను."

ఆమె ముఖం వెలిగిపోతోంది. జిరాక్సు కొట్టతను ఆ మాటన్నప్పుడు సాకేత్ అక్కడే ఉన్నాడు. టీకొట్టు దగ్గర గుండీలు చూడగానే వాడికి అంతా అర్థమైపోయింది. అర్థమయ్యే నోరు మూసుకున్నాడు. సునీల్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వరండాలోకి వెళ్లి ఫోను చేశాడు.

"సాకేత్, నాకిప్పుడే తెలిసింది. అమ్మ..."

"అమ్మనేమన్నా అన్నవా?" అన్నాడు సాకేత్ వెంటనే.

"లేదు. ఆ రోజే నాతో ఒక్క మాట అనొచ్చు కదా!"

"ఆ రోజు నీ మొకం నేను చూసిన. ఆమె పేరు చెప్తే సీదా ఇంటికి పోయి ఆమె మీద పడుతుంటివి. నీ పుస్తకం గుడికి తీస్కపోతనని ఎంత సంబరపడ్డదో నీకు తెల్వదు."

"ఎడిటరుకి ఇప్పుడే ఫోన్ సేస్తాను. అమ్మ పేరు ఎత్తను. ఆ పెన్‌డ్రైవు నేనే ఇచ్చానని సెప్తాను."

"నువ్వే ఇచ్చినవ్ కదన్నా," అన్నాడు సాకేత్. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. ఫోను పెట్టేశాడు.

వంటింట్లోంచి సింహాచలమ్మ కేకేసింది. "సాకేత్ బాబేనా? ఆదివారం వస్తాడంటనా? సేపలు తెమ్మని మీ నాన్నకి సెప్తాను."

సునీల్ కుంకుమంటిన వేళ్లతో ఫోను పట్టుకుని వంటింటి వైపు తిరిగాడు.

"అడగలేదమా," అన్నాడు.