నల్లకడుపు పిట్ట

ఓదేలు పేరెత్తితే రాజేశానికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వరుసకు బావ, బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీలకు మేస్త్రీ. రాజేశానికి రేపు పని ఉందో లేదో చెప్పేది అతనే.

2009 ఎండాకాలంలో, గోదావరి ఒడ్డున ఉన్న రాజేశం చేనును ఇటుకల ఫ్యాక్టరీకి తీసుకుంటామని కాగితం వచ్చింది. ఎదుటి ఇసుకదిబ్బ మీద అరుదైన పిట్టలు గుడ్లు పెడితే మాత్రం ఫ్యాక్టరీకి అనుమతి రాదు. అది తేల్చడానికి పట్నం నుంచి సర్వే సారు వచ్చాడు. ఫ్యాక్టరీలో మేస్త్రీ పని ఒప్పుకున్న ఓదేలు ఆయన వెంటే తిరిగాడు.

"అగో సారూ, ఆ నల్లకడుపుది," రాజేశం చెయ్యి చాపాడు.

"మా కాడ కొంగలు సుత నల్లగైతయి సార్, బొగ్గు దుమ్ముకు," ఓదేలు నవ్వాడు.

"దుమ్ము వీపు మీద పడ్తది గని కడుపు కింద పడ్తదా బావా? ముక్కు సూడున్రి సారూ. మామూలు దానిది పసుపు. దీనిది నారింజ రంగు, పిట్ట సుత చిన్నది."

"నాలుగు సదవనోనివి, సారుకే పాఠం జెప్తున్నవా? రేపు పనికి రావాల్నా, వద్దా?"

సారు దుర్భిణి దించి రాజేశం వైపు తిరిగాడు. "రోజూ చూసేవాడివి, నువ్వే చెప్పు. ఏం పిట్టలివి?"

ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కూలితోనే.

"మామూలువే సారూ," అన్నాడు రాజేశం.

ఆ ఒక్క మాటతో పోయింది రెండెకరాల పదమూడు గుంటల చేను.