తాహూనా ఐదో క్యాసెట్టు

తాహూనా బృందం ఐదో క్యాసెట్టు అసలు రాలేదు. అయినా అందులో ఏ పాట తర్వాత ఏ పాట ఉంటుందో కాసాబ్లాంకాలో మా పేటలో ఎవరిని అడిగినా తడుముకోకుండా చెబుతారు. శుక్రవారం నమాజు అయ్యాక కుస్‌కుస్ తిని, భుక్తాయాసంతో బూష్తా కాఫీ కొట్టుకు చేరే ముసలివాళ్ల పని అది. నాలుగు క్యాసెట్ల దగ్గర ఆగిపోయిన బృందానికి ఐదోది వాళ్లే కట్టి పెట్టారు.

నా పేరు మిలూద్. ఆ బృందంలో బాంజో వాయించేవాణ్ని. పాటలు కట్టేదీ పాడేదీ షర్కీ. ఒక కచేరీ నుంచి తిరిగి వస్తుండగా వ్యాను బోల్తా పడి షర్కీ పోయాడు. పక్క సీట్లో ఉన్న నాకు గీత కూడా పడలేదు. ఆ తర్వాత నేను స్టేజీ ఎక్కలేదు, కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. దుఃఖం దుఃఖం అంటారు గానీ, నాకు అదీ లేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేస్తే చెంప ఎలా ఉంటుందో, లోపలంతా అలా ఉంది. మత్తు ఇంకా దిగలేదు.

ముసలివాళ్ల ఆటకు పద్ధతి ఉంది. క్యాసెట్టులోకి ఒక పాట ఎక్కాలంటే తాహూనా దాన్ని పాడగా కనీసం ఒకడు విని ఉండాలి. విన్నవాడు బల్ల మీద దాని దరువు కొట్టాలి. మిగతావాళ్ల చేతులు వాటంతట అవే వచ్చి కలవాలి. కలిస్తే పాట నిజం, కలవకపోతే అందరి టీ డబ్బులు వాడే కట్టాలి. ఇందులో నాకు మాత్రం ఓటు లేదు.

"వాయించినోడికి ఏం తెలుస్తది అన్నా?" అంటాడు మాటీ. ఫాస్ఫేటు రైళ్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. "వంటోడికి ఆకలుంటదా? విన్నోణ్ని అడగాలి. నువ్వు టీ తాగు."

తాగేవాణ్ని.

రెండో వైపు చివరి పాట మీద మాత్రం ఎన్నడూ తగువు లేదు. దాని పేరు 'రాబోయే బిడ్డ'. షర్కీ పోయేనాటికి ఆయన భార్య రఖియా కడుపుతో ఉంది. ఆ పాట సెత్తాత్ ఊళ్లో ఒక పెళ్లిలో విన్నానంటాడు మాటీ. కాదు, ఖురీబ్గా స్టేడియంలో అంటాడు బూష్తా. ఇద్దరూ కొట్టే దరువు ఒక్కటే. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. ఉండాల్సిన పాటని తలుచుకుని తలుచుకుని, ఉన్న పాటే అనుకున్నారు. ఆ రెండు చోట్లా షర్కీ పక్కన నిలబడి వాయించింది నేనే. అలాంటి పాట నేను వినలేదు. చివరి నెలల్లో షర్కీ ఒక్క పాటా కట్టలేదు.

ఆ కడుపులోని బిడ్డ హన్నియా. మొన్న నా కొట్టుకు వచ్చి, కుట్టుమిషన్ల మధ్య జాగా చేసుకుని కూర్చుంది.

"బాబాయ్, ఆదివారం నాకు పెళ్లి గోరింటాకు పెడుతున్నారు. మా మేడ మీదే. మాటీ మామ వాళ్లు పాడతామన్నారు. మీరు బాంజో తేవాలి."

"ఇంకెక్కడి బాంజో తల్లీ. ఈపాటికి ఎలకలు దాంట్లో కాపురం పెట్టుంటాయి."

"ఖాళీ చేయించండి." నవ్వింది గానీ మనసు నవ్వులో లేదు. "అమ్మ ఒకటే మాట అంటది బాబాయ్. మీ నాన్నకి ఊళ్లూ పాటలూ తప్ప నువ్వు పుడతావన్న ధ్యాసే లేదని. నేనప్పుడు ఆ పాట చూపించి నోరు మూయిస్తా. ధ్యాస లేనోడు పాటెందుకు కడతాడని. కట్టాడు కదా?"

చేతిలో మిషను షటిల్ ఉంది. దాని నూనె తుడిచాను.

"ఆదివారం వస్తానమ్మా," అన్నాను.

దాన్నే అవునని తీసుకుంది. అలా తీసుకుంటుందని నాకు తెలుసు.

ఆదివారం మేడ మీద గుడ్డ పందిరి వేశారు. పెళ్లికూతురి చేతులు దిండు మీద చాపించి గోరింటాకు పెడుతున్నారు. ముసలివాళ్లు గుండ్రంగా కూర్చున్నారు, డప్పు మాటీ చేతిలో ఉంది. పాత పాటలు మూడు బాగానే నడిచాయి. తీగల మీద వేళ్లు వాటి దారిన అవి పోయాయి, నేను ఎక్కడో ఉన్నాను. తర్వాత 'రాబోయే బిడ్డ' ఎత్తుకున్నారు.

మా పాటల్లో బాంజో ముందు నడుస్తుంది. ఎక్కడ మలుపు తిరగాలో అది చెప్పాక గానీ డప్పు తిరగదు. ఈ పాటలో ప్రతి మలుపు దగ్గరా నేను ఆగి, డప్పు ఎటు పోతుందో చూసి, దాని వెనక పోయాను. ముసలివాళ్లు కళ్లు మూసుకుని పాడుతున్నారు. హన్నియా కళ్లు తెరుచుకునే ఉంది.

పాట అయ్యాక నన్ను పక్కకు వచ్చి కూర్చోమంది.

"మీ బాంజో డప్పు వెనకాల నడిచింది."

"చేతులు తుప్పు పట్టాయి తల్లీ."

"ముందు మూడు పాటలకి పట్టలేదే." గొంతు తగ్గించింది. "ఆ పాట మీకు రాదు కదా?"

"రాదు."

"పోనీ నా గురించి ఏమన్నా అన్నాడా? వ్యాన్లో గానీ, ఎక్కడన్నా గానీ. ఒక్క మాట."

ఏదో ఒకటి అల్లి చెప్పవచ్చు. పెళ్లికూతురు అడిగితే ఆ మాత్రం అబద్ధానికి దేవుడు కూడా ఏమీ అనుకోడు.

"లేదమ్మా."

ఆమె కళ్ల నుంచి నీళ్లు కారాయి. చేతుల నిండా గోరింటాకు, తుడుచుకునే వీలు లేదు. రఖియా వచ్చి చున్నీ కొంగుతో తుడిచి, "పెళ్లికూతురు ఏడిస్తే మంచిదేలే," అనుకుంటూ వెళ్లింది. నాకేమైనా అవుతుందేమోనని చూశాను. ఏమీ కాలేదు.

అంతలో మాటీ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఎట్లుందమ్మా మీ నాయన పాట? సెత్తాత్‌లో ఆయన పాడుతుంటే జనం లేచి నిలబడ్డారు. ఈ కళ్లతో చూశా."

ఇక ఆయన్ని నిలదీస్తుంది అనుకున్నాను. హన్నియా ఆయన ముఖంలోకి కాసేపు చూసింది.

"అచ్చం నాన్న పాడినట్టే ఉంది మామా. ఇంకోసారి పాడండి."

ముసలాయన మురిసిపోయి మిగతావాళ్లను కేకేస్తూ వెళ్లాడు. ఆమె నా వైపు తిరగకుండానే అంది.

"వాళ్లకి చెప్పకండి బాబాయ్. నాకోసం ఎవరన్నా పాట కట్టారంటే వాళ్లే."

వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను. మలుపులు ఇప్పుడు తెలుసు కాబట్టి ఈసారి బాంజో ముందు నడిచింది. మాటీ డప్పు ఆపకుండా నా మీదికి వంగాడు.

"ఇప్పుడు గుర్తొచ్చిందా అన్నా?"

"వచ్చింది," అన్నాను.